నిండు బండికి దారి

మొన్న మా చెల్లెలి మనవడు మల్లేష్ చాందా ఊళ్లో తుకుంలోని మా ఇంటికి వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా గడప మీదే కూర్చుని, "తాతా, ఈ నౌకరి చేయాల్నా, ఇడిచిపెట్టాల్నా, నువ్వే చెప్పు" అన్నాడు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. బొగ్గు గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రైవరుగా చేరి ఇంకా నెల కాలేదు. పెద్ద టిప్పర్ ఇస్తామని చెప్పి చేర్చుకున్నారట, చేరాక నీళ్ల ట్యాంకర్ అప్పగించారట. గని లోపలి దారుల్లో దుమ్ము లేవకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు చల్లుకుంటూ తిరగడమే పని. "గానుగెద్దు లెక్క తిరుగుడే తాతా. మూడో గేరు దాటది. టిప్పరోళ్లు నన్ను మాలీ, మాలీ అని పిలుస్తుండ్రు, నేనేదో గులాబీ చెట్లకు నీళ్లు పోస్తున్నట్టు" అన్నాడు. నేను ముప్పై ఏళ్లకు పైగా లారీ నడిపినవాణ్ని కాబట్టి నా దగ్గర జవాబు ఉంటుందని అతని నమ్మకం. కోడలు టీ ఇచ్చింది. తాగాడు. నేను ట్యాంకర్ సంగతులే అడుగుతూ పోయాను. కాసేపు చూసి, విసుక్కుని వెళ్లిపోయాడు.

జవాబు చెప్పాలంటే ఇంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాల్సి వస్తుంది. నోటితో చెబితే వినేవాళ్లు మధ్యలో అడ్డం వచ్చి, "పోనియ్ తాతా, ఎప్పటిదో ముచ్చట" అంటారు. కాగితం అలా అనదు. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. మరాఠీ అక్షరాలు దుకాణాల బోర్డులు చూసి పట్టుకున్నాను. తెలుగు అక్షరాలు మా పక్కింట్లో ఉండే ఒక రిటైరైన గని కార్మికుడి దగ్గర పలక పట్టుకుని నేర్చుకున్నాను. ఇంత కష్టపడి నేర్చుకున్నదాన్ని అబద్ధాలు రాయడానికి ఖర్చు పెట్టే ఓపిక నాకు లేదు.

మాది వార్ధా నదికి అవతల, రాజురా వైపు పల్లె. అందరివీ సేద్యం చేసే ఇళ్లు, అందరిదీ తెలుగు. జొన్న ఇంటికి చేరగానే బండ్లు కట్టుకుని నది దాటి ఇవతలికి వచ్చేవాళ్లం. అడవిలో నరికిన వెదురును బల్లార్‌పూర్ కాగితం మిల్లుకు తోలడం వానలు పడేదాకా మావాళ్ల పని. విసాపూర్ పొలిమేరలో మా విడిది. పద్నాలుగు బండ్లు వరుసగా ఆగేవి, ఒక్కో బండి కింద ఒక్కో సంసారం. ఆ నెలలన్నీ మా ఇంటికి కప్పు బండి అడుగు పలకలే. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం, నాన్నను బాపు. అవ్వ ఇరుసు పక్కన మూడు రాళ్లు పెట్టి జొన్నరొట్టెలు కొట్టేది. ఆ చప్పుడుకే నేను నిద్ర లేచేవాణ్ని. బాపు అప్పటికే కందెన పెడుతూ ఉండేవాడు. కాల్చిన గడ్డి మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో నింపుకుని, గుడ్డ పేలికతో ఇరుసుకు పూసేవాడు. ఎంత తోముకున్నా ఆ వాసన ఆయన చేతులను వదిలేది కాదు. ఆయన తుంచి ఇచ్చిన రొట్టెముక్కలో కూడా ఆముదం వాసన ఉండేది. ఆయన మాతో మాట్లాడే మాటలకంటే ఎడ్లతో మాట్లాడే మాటలే ఎక్కువ. కుడివైపు కట్టేది బూడిదరంగు మైల ఎద్దు, ఎడమవైపు కట్టేది ఎర్ర ఎద్దు. అవి నీళ్లు తాగనిదే ఆయన తాగడు. బండి కదిలే ముందు కాడిని మూడుసార్లు వేళ్లతో తట్టేవాడు. ఎందుకని అడిగితే, "వాటికి చెప్పకుండ పోతమా" అనేవాడు.

బండ్లవాళ్లకు ఒక కట్టు ఉండేది. ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే నిండు బండికి వట్టి బండి దారి ఇవ్వాలి. అప్పటి రోడ్డు కట్టమీద ఉండేది, రెండు పక్కలా పల్లం. వెదురు నిండిన బండి కట్ట దిగితే బోల్తా పడొచ్చు, వట్టి బండి దిగినా మళ్లీ ఎక్కుతుంది. అందుకే ఆ కట్టు. పటేలు బండైనా, పాలేరు బండైనా అదే లెక్క. దీని మీద తగాదాలు నేను చూడలేదు. వట్టి బండివాడు దూరం నుంచే చూసి పక్కకు దిగి, ఎదుటివాడు దాటేదాకా ఎడ్ల ముక్కుతాళ్లు పట్టుకుని నిలబడేవాడు.

మా తాలూకాను హైదరాబాదు నుంచి తీసి బొంబాయి రాష్ట్రంలో కలిపిన రోజులవి. మాకు తెలిసిన మార్పు ఒక్కటే, కచేరీలో ఉర్దూ రాసే గుమాస్తా పోయి మరాఠీ రాసే గుమాస్తా వచ్చాడు. మాకు రెండూ చదవరావు కాబట్టి ఇద్దరూ ఒకటే. నది ఇవతలి జనానికి మాత్రం మేము మొగలాయోళ్లమే. నిజాం రాజ్యం కింద బతికినవాళ్లను ఇక్కడ అలా అనేవాళ్లు. మొద్దులు, మర్యాద తెలియనివాళ్లు అని ఆ మాటకు అర్థం.

నేను ఆదిలాబాదు వైపు లారీల మీద తిరిగి స్టీరింగు నేర్చుకుని వచ్చాను. చాందాలో వెదురు గుత్త పట్టిన ఒక సేటు నన్ను డ్రైవరుగా పెట్టుకున్నాడు. కొత్త లారీ అన్నాడు, నాగపూర్ దాకా తిప్పుతా అన్నాడు. మా వరుసలో ఎద్దు తోక వదిలిన మొదటివాణ్ని నేనే. చేరిన రోజు బాపు లారీని చూడడానికి వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, టైరు మీద చెయ్యి పెట్టి, "దీనికి మేతెంత?" అని అడిగాడు. చెప్పాను. "మనోటికంటే ఎక్కువనే తింటది" అన్నాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "లచ్చన్నా, నువ్వు నిండుగున్నప్పుడు మేం దారిస్తం. వట్టిగున్నప్పుడు నువ్వు మాకియ్యి. గంతే" అన్నాడు. సరే బాపూ అన్నాను.

కొత్త లారీ అన్నది యుద్ధంలో వాడి వదిలేసిన మిలిటరీ బండి. ఒక తలుపు లేదు, రెండోదానికి తాడు. సీటు స్థానంలో గోనెసంచి. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే ఒక్కోసారి అది వెనక్కి తన్ని మణికట్టు వాచిపోయేది. బ్రేకు మూడుసార్లు తొక్కితే పట్టేది, దిగుడు దారిలో నాలుగోసారికి కూడా పట్టేది కాదు. వెనక ఏముందో చూపించే అద్దం లేదు. ఇక నాగపూర్ మాట ఎవరూ ఎత్తలేదు. అడవి డిపో నుంచి మిల్లుకు, మిల్లు నుంచి డిపోకు, అంతే. సేటు తరఫున లెక్కలు రాసే ఒక మున్షీ నా పక్కన కూర్చునేవాడు. నా పేరు ఎన్నడూ పలకలేదు. "ఏ మొగలాయీ, తీయ్", "ఏ మొగలాయీ, ఆపు." లారీ దిగాక ఆయన టిఫిన్ డబ్బా నేను మోయాలి, ఆయన సైకిలు నేను తుడవాలి. డ్రైవరు అంటే ఇదేనా అని ఒకసారి అడిగితే, "ఎద్దులకంటే నువ్వే నయం, చెప్పింది చేస్తావు" అని నవ్వాడు.

నెల తిరిగింది. ఒక సాయంత్రం అవ్వ దగ్గర కూర్చుని, "నేను మానేస్తనే అవ్వా. అంగడినాడు సేటుకు చెప్పేస్త" అన్నాను. అవ్వ నా మణికట్టు పట్టుకుని చూసి, ఆముదం రాసి గుడ్డ కట్టింది. "మానెయ్ కొడుకా. నిన్నెవడు బలిమి చేసిండు. బాపుకు నేను చెప్తగని నువ్వేం మాట్లాడకు" అంది. వారం వారం జరిగే ఆ అంగడికి ఇంకా నాలుగు రోజులు ఉంది. ఆ నాలుగు రోజులు గడిచిపోయి ఉంటే ఈ కాగితం రాసే పని నాకు ఉండేది కాదు.

అప్పటిదాకా నేను వట్టి లారీతో వస్తూ ఎదురుగా బండ్లు కనిపిస్తే పక్కకు తీసి నిలబెట్టేవాణ్ని. సేటు దగ్గరి మిగతా డ్రైవర్లు తీసేవాళ్లు కాదు. ఈ సంగతి సేటు చెవిన పడి మున్షీకి చివాట్లు పడ్డాయి. అవ్వతో ఆ మాట అన్న మర్నాడు పొద్దున మిల్లు దగ్గర వెదురు దించి వట్టి లారీతో బయల్దేరగానే, "ఈరోజు నువ్వు ఎవడికైనా పక్కకు తీశావంటే అక్కడే దిగి నడిచి పో. లారీ నడుపుతున్నావా, పెళ్లికూతురి పల్లకీ మోస్తున్నావా?" అన్నాడు. విసాపూర్ ఇవతల మా వరుస ఎదురొచ్చింది. పద్నాలుగు బండ్లు, అన్నీ నిండువి. ముందు బండి మా పెద్దబాపు పోశన్నది. బాపుకు అన్న, వరుసకంతటికీ పెద్ద. నేను హారన్ కొట్టాను. పోశన్న పెద్దబాపు కళ్లు పెద్దవి చేసి చూసి, లారీ ఆగడం లేదని తెలిసి, ఎడ్లను పక్కకు లాగాడు. బండి ఒరిగింది గాని పడలేదు. ఆయన్ని చూసి రెండోది దిగింది, మూడోది దిగింది. పదమూడు బండ్లు వెదురుతో సహా పల్లంలోకి దిగాయి. మున్షీ తొడ చరిచి నవ్వుతున్నాడు. నిజం చెప్పాలి, నాకు కూడా ఆ క్షణాన ఒళ్లు పొంగింది. నెల రోజుల నుంచి ఎవడో ఒకడి ముందు తల దించుతూ ఉన్నవాణ్ని, నా ముందు పదమూడు మంది దిగారు.

ఆఖరి బండి బాపుది. ఆయన దిగలేదు. నన్ను చూశాడు. నేనని గుర్తుపట్టాడు, ఆయన ముఖంలో బెదురు లేదు. కాడి మీద చెయ్యి వేసి మామూలుగా వస్తున్నాడు. ఇది లారీ, దిగుతాడులే అని నేను అనుకున్నాను. వీడు నా కొడుకు, కట్టు తెలిసినవాడు, తీస్తాడులే అని ఆయన అనుకున్నాడు. ఇద్దరం ఒకరినొకరు నమ్ముకున్నాం. నేను బ్రేకు తొక్కాను. మూడోసారి తొక్కేలోపు బంపరు మైల ఎద్దు ముందుకాళ్లను తాకింది. ఎండు వెదురు విరిగినట్టు చప్పుడైంది. నేను వెదురే అనుకున్నాను. ఎద్దు మోకాళ్ల మీద కూలింది, కాడి ఒరిగింది, బండి మీది వెదురంతా జారి రోడ్డు మీద పరుచుకుంది. బాపు ఎగిరి పక్కకు పడి, లేచి, నా వైపు చూడకుండా ఎద్దు దగ్గరికి పరిగెత్తి మెడ నుంచి కాడి విప్పుతున్నాడు. మున్షీ నా మోచెయ్యి పొడిచి, "వెనక్కి తీసి పక్కనుంచి పోనీ" అన్నాడు. ఇంజను ఆగలేదు. నేను వెనక్కి తీసి, చక్రాన్ని తిప్పి, పల్లంలో నుంచి లారీని దాటించాను. చూశారా, వట్టి లారీ పల్లంలోకి దిగి ఎక్కగలదు. ముందే దిగి ఉండొచ్చు. నేను కిందికి దిగి ఒక్క అడుగు వేయలేదు. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

పొద్దు వాలుతుండగా విడిదికి వెళ్లాను. మైల ఎద్దును అప్పటికే తోలు తీసేవాళ్లు తీసుకుపోయారు. ఎర్రది ఒక్కటే గుంజకు కట్టేసి ఉంది, గడ్డి ముట్టడం లేదు. మగవాళ్లంతా మా బండి చుట్టూ కూర్చున్నారు. అవ్వ పొయ్యి దగ్గర రొట్టెలు కొడుతోంది. నేను వచ్చినా ఎవరూ జరిగి చోటివ్వలేదు. నిలబడ్డాను.

పోశన్న పెద్దబాపు బాపుతోనే మాట్లాడాడు, నాతో కాదు. "కిష్టిగా, నీ కొడుకు లారీ దిగాలె. అంగడి దాకా మియాదు. దిగకుంటే నీ బండి మా వరుసల ఉండది. నువ్వు మా తమ్మునివి, గాని కట్టు తప్పినోని తండ్రివి సుత నువ్వే" అన్నాడు. వరుసలో లేని బండికి పని ఉండదు. కావలి ఉండదు, చక్రం విరిగితే పట్టేవాడు ఉండడు.

"పెద్దబాపూ, అందరికంటె ముందు రోడ్డు దిగింది నువ్వే గదా" అన్నాను.

"దిగిన. నా ఎడ్లు బతికున్నయ్" అన్నాడు.

బాపు తల ఎత్తలేదు. చేతిలో కందెన పేలిక ఉంది, దాన్ని వేళ్లకు చుడుతూ విప్పుతూ ఉన్నాడు. అప్పుడు పొయ్యి దగ్గర నుంచి అవ్వ అంది, "అంగడి దాకా ఎందుకు బావా. వాడు రేపే దిగుతడు. నిన్ననే నాతోటి చెప్పిండు, మానేస్తనని. వానికి ఆ నౌకరి మీద పానం లేదు."

అదే మాట మీద అంతా అయిపోవాల్సింది. కాని వెనక నుంచి ఎవరో నవ్వారు. "ఓహో, ముందే తడుపుకున్నడన్నట్టు. లారీ తోలుడు మనోళ్లకేడ వస్తది. ఎద్దు తోకనే మనకు స్టీరింగు" అన్నారు. ఇంకో ఇద్దరు నవ్వారు. పొద్దున పల్లంలోకి దిగినవాళ్లే. మానేయాలని నేను అనుకున్నది నిజం. కాని అది నా మాట. ఇప్పుడు అది వాళ్లు వేసిన శిక్ష అయింది, పైగా నవ్వుతూ వేసిన శిక్ష.

"నేను గట్లనలేదు" అన్నాను. "అవ్వ అబద్ధమాడుతున్నది."

రొట్టె కొడుతున్న చప్పుడు ఆగింది. నేను అవ్వ వైపు చూడలేదు, నా మణికట్టుకు ఆమె కట్టిన గుడ్డ వైపు చూశాను. కాసేపటికి పెనం మీది రొట్టె మాడిన వాసన వచ్చింది. మా అవ్వ చేతిలో రొట్టె మాడడం అంతకు ముందు నేను ఎరగను. "అవు బావా" అంది అవ్వ, చాలా మామూలుగా. "నాకే మతి లేదు. వాడు అనలేదు."

అందరూ లేచి వెళ్లాక బాపు నాతో ఒక్క మాటే అన్నాడు. "నువ్వు తీస్తవనుకున్న." తిట్టినట్టు కూడా అనలేదు. ఎడ్లతో మాట్లాడే గొంతుతో అన్నాడు. నేను సేటు షెడ్డుకు పోయి పడుకున్నాను. అంగడి రోజు వచ్చింది, పోయింది. నేను సేటుకు ఏమీ చెప్పలేదు.

ఆ మర్నాడు వెదురు నింపుకుని మిల్లుకు పోతుంటే ముందు ఒక బండి కనిపించింది. ఒక్కటే. వరుస లేదు. ఎడమవైపు ఎర్ర ఎద్దు ఉంది, కుడివైపు కాడి కింద బాపు భుజం ఉంది. అవ్వ వెనక నుంచి తోస్తోంది. కుండలు, గోనెసంచులు తప్ప బండిలో ఏమీ లేదు. నది దాటి ఊరికి పోతున్నారు. లారీ చప్పుడు విని బాపు తిరిగి చూడలేదు. చప్పుడు బరువును బట్టే నిండు లారీ అని తెలిసిపోయి ఉంటుంది. ఎద్దును అదిలించి, కాడి భుజం మీద పెట్టుకుని అలాగే కట్ట దిగి, పల్లంలో ఎద్దు పక్కన ఎద్దులా నిలబడ్డాడు. నిండు బండికి వట్టి బండి దారి ఇవ్వాలి కాబట్టి ఇచ్చాడు. నేను ఆపలేదు. ఆపి దిగితే మానేసినట్టే అవుతుంది, మున్షీ పక్కన ఉన్నాడు, విడిదిలో నవ్వినవాళ్లు ఉన్నారు. ఆయన ఇచ్చిన దారిలో నుంచే దాటి పోయాను.

నేను తప్పు చేశాను గాని కాలం నా పక్షాన నిలబడింది. ఇంతకంటే అన్యాయం నాకు తెలియదు. రెండు మూడు ఎండాకాలాల్లో లారీలు పెరిగి బండ్లకు వెదురు ఇవ్వడం మానేశారు. వరుస తెగిపోయింది. నవ్వినవాళ్లు ఒక్కొక్కరే డిపోకు వచ్చి లారీలకు వెదురు ఎక్కించే కూలీలయ్యారు. వాళ్లు ఎక్కిస్తుంటే నేను చక్రం ముందు కూర్చుని బీడీ తాగేవాణ్ని. ఆలస్యమైతే తిట్టేవాణ్ని. పోశన్న పెద్దబాపును కూడా తిట్టాను, మున్షీ నన్ను తిట్టిన మాటలతోనే. ఆయన మోపు ఎత్తుకున్నాడు.

వాళ్లందరికంటే ముందు వచ్చింది బాపు. మరుసటి ఎండాకాలానికే వచ్చాడు. ఒక్క ఎద్దుతో సేద్యం కాదు గదా. మున్షీ ఆయన్ని నా లారీకే వేశాడు. తెలిసి వేశాడో, తెలియక వేశాడో. మొదటి రోజు అవ్వ పంపిన రెండు రొట్టెలు గుడ్డలో కట్టి తెచ్చి, ఇంజను మూత మీద పెట్టి, "డ్రైవర్ సాబ్, ఇవి ఇంటిదగ్గరియి" అన్నాడు. పక్కవాళ్ల ముందు మర్యాదకు అన్నాడనుకున్నాను. ఎవరూ లేనప్పుడు కూడా అలాగే అన్నాడు. చనిపోయేదాకా మళ్లీ లచ్చన్నా అని పిలవలేదు. నేను కూడా వద్దు బాపూ అని అనలేదు. ఊఁ అని పలికేవాణ్ని. పిలుపుకు అలవాటు పడ్డాను. రొట్టెలు తిన్నాను, వాటికి ఆముదం వాసన లేదు.

మల్లేష్ అడిగినదానికి నా దగ్గర ఉన్నది ఇంతే. ఆ నౌకరి చెడ్డదని మానెయ్, మంచిదని చెయ్, కాని ఎవడో నవ్వాడని మాత్రం చెయ్యకు అని చెప్పవచ్చు. వింటాడా అంటే వినడు. నేనైతే వినేవాణ్ని కాదు. వెళ్లేముందు అతను తన ట్యాంకర్‌లో ఉన్న ఒక్క సుఖం గురించి చెప్పాడు. వెనక కెమెరా ఉందట. గేరు వెనక్కి వేయగానే స్టీరింగు పక్కన చిన్న తెరలో వెనక ఎవరున్నారో కనిపిస్తుందట. "కుక్క అడ్డమొచ్చినా కూత పెడ్తది తాతా" అన్నాడు.

నా లారీకి అద్దం కూడా లేదని రాశాను. డిపోలో వెదురు కుప్ప దాకా వెనక్కి తీసుకుపోవాలంటే కూలీ ఒకడు వెనక నిలబడి కేక వేయాలి. ఆ బ్రేకు సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఎవడైనా ఒక పక్కకు నిలబడి అరిచేవాడు. బాపు మాత్రం సరిగ్గా లారీకి, కుప్పకు నడుమ నిలబడేవాడు. మిగతావాళ్లు చెబితే తెలిసింది, నాకు కనిపించేది కాదు. నాకు వినిపించేది గొంతు ఒక్కటే. "రానీ, డ్రైవర్ సాబ్. రానీ, రానీ." నేను మూడుసార్లు తొక్కేవాణ్ని, ఒక్కోసారి నాలుగుసార్లు. లారీ ఆగేదాకా ఆ గొంతు చోటు మారేది కాదు. అలా ఆరు ఎండాకాలాలు నిలబడ్డాడు.